ఫోను ఎవరిది? విద్య ఎవరిది? - వర్ధమాన దేశాల సాంకేతిక రంగంలో మహిళలు

"సాంకేతిక రంగంలో మహిళలు" అనగానే మనకు దినపత్రికల్లో వచ్చే ఒక ఫోటో గుర్తుకొస్తుంది. పెద్ద కంపెనీ, పెద్ద కుర్చీ, కింద నాలుగు వాక్యాల జీవిత విశేషాలు. ఆ ఫోటోను కత్తిరించి హాస్టల్ గోడపత్రిక మీద అతికిస్తాం, చదివి సంతోషిస్తాం. అయితే ఆమె అక్కడికి ఏ దారిన వెళ్ళింది, ఆమె వెనకాల ఇంకెంతమంది ఆ దారిన నడవగలిగారు అన్నది ఆ ఫోటో చెప్పదు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కుతున్న మనలాంటి వాళ్ళకు కావలసింది ఆ రెండో సంగతే.

అందుకే ఈ వ్యాసంలో గొప్పవాళ్ళ జాబితా ఇవ్వడం లేదు. కొన్ని పేద దేశాల్లో మహిళలు సాంకేతిక పరిజ్ఞానాన్ని చేతిలోకి తీసుకుని ఏం చేశారో, ఎక్కడ నిలబడ్డారో, ఎక్కడ ఆగిపోయారో చూద్దాం. ప్రతిచోటా నాలుగే ప్రశ్నలు వేసుకుందాం. పరికరం ఎవరి చేతిలో ఉంది? దాని విద్య ఎవరికి వచ్చు? వ్యాపారం ఎవరి పేరున ఉంది? వచ్చిన విద్యను తర్వాతి మనిషికి ఎవరు నేర్పుతున్నారు?

1. చేతిలో ఫోను ఉంటే చాలా? - బంగ్లాదేశ్

1997 మార్చి 26న, తమ స్వాతంత్ర్య దినోత్సవం నాడు, బంగ్లాదేశ్‌లో గ్రామీణ్‌ఫోన్ అనే మొబైల్ కంపెనీ మొదలైంది. ఇక్బాల్ ఖదీర్ అనే బంగ్లాదేశీయుని ఆలోచన అది. నార్వేకు చెందిన టెలినార్ కంపెనీ ప్రధాన భాగస్వామి. దీనితో పాటే గ్రామీణ్ టెలికాం అనే సంస్థ పల్లెల్లో "విలేజ్ ఫోన్" పథకం ప్రారంభించింది. ఢాకా సమీప గ్రామానికి చెందిన లైలీ బేగం అనే మహిళ అందులో తొలి "ఫోను లేడీ"గా పేరు పొందింది.

పథకం నడిచే తీరు మనకు సులభంగానే అర్థమవుతుంది. మొహమ్మద్ యూనుస్ స్థాపించిన గ్రామీణ్ బ్యాంకులో అప్పు తీసుకుని సక్రమంగా తీర్చిన మహిళను ఎంపిక చేస్తారు. ఆమె మళ్ళీ అప్పు తీసుకుని ఒక మొబైల్ ఫోను కొంటుంది. ఊళ్ళోవాళ్ళు ఆమె ఇంటికి వచ్చి డబ్బులిచ్చి మాట్లాడుకుంటారు. కంపెనీకి తక్కువ రేటు కట్టి, ఊరివాళ్ళ దగ్గర కొంచెం ఎక్కువ తీసుకుంటుంది. ఆ తేడాయే ఆమె సంపాదన. గల్ఫ్ దేశాల్లో ఉన్న కొడుకుతో మాట్లాడే తల్లి, పట్నంలో ధర ఎంతుందో కనుక్కునే రైతు, అందరూ ఆమె గుమ్మం ముందుకు రావలసిందే. మన ఊళ్ళలో ఒకప్పుడు ఎస్టీడీ బూత్ ఎలా ఉండేదో అక్కడ ఈ ఫోను లేడీ అలా ఉండేది. ఇలాంటి మహిళలు రెండు లక్షలు దాటారు. 2006లో యూనుస్‌కూ గ్రామీణ్ బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ప్రపంచమంతా వీళ్ళ గురించి చెప్పుకుంది.

ఆ తరువాత ఏమైంది? ఫోన్ల ధరలు పడిపోయాయి, కాల్ రేట్లు తగ్గాయి, ఎవరి ఫోను వాళ్ళు కొనుక్కున్నారు. మన దగ్గర ఎస్టీడీ బూత్‌లు ఎలా మూతపడ్డాయో అలాగే ఫోను లేడీల రాబడి తగ్గిపోయింది. కంపెనీ మాత్రం పెరుగుతూనే వచ్చింది. అందులో మెజారిటీ వాటా టెలినార్‌ది. ఊరూరా ఆ కంపెనీకి తొలి గిరాకీ తెచ్చిపెట్టిన మహిళలు అందులో వాటాదారులు కాలేదు.

దీన్నిబట్టి ఆ పథకం పనికిరాలేదు అనుకోకూడదు. కొన్నేళ్ళపాటు ఎన్నో పేద కుటుంబాలకు అది తిండి పెట్టింది. బయటి మగవాళ్ళు కూడా ఆమె ఇంటికి వచ్చి ఆమెను అడిగి మాట్లాడవలసి రావడం వల్ల ఊళ్ళో ఆమెకు గౌరవం పెరిగింది. కానీ మన నాలుగు ప్రశ్నల్లో మొదటిదానికి మాత్రమే అక్కడ జవాబు దొరికింది. పరికరం ఆమెది. దాని లోపలి విద్యా, కంపెనీలో వాటా రెండూ ఆమెవి కావు. పరికరం చవకైన రోజున ఆమె బేరం కూడా చవకైపోయింది.

2. విద్య వస్తే ఏమవుతుంది? - కెన్యా

ఇప్పుడు తూర్పు ఆఫ్రికాకు వెళ్దాం. 2007 డిసెంబరు 27న కెన్యాలో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. ఫలితాలపై వివాదం చెలరేగి తెగల మధ్య ఘర్షణలుగా మారింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, లక్షలాది మంది ఇళ్ళు వదిలి పారిపోయారు. ప్రభుత్వం ప్రత్యక్ష ప్రసారాలను నిషేధించింది. ఎక్కడ ఏం జరుగుతోందో జనానికి తెలిసే దారి లేకుండా పోయింది.

అప్పుడు ఓరీ ఒకోలో అనే యువ న్యాయవాది 2008 జనవరి మొదటి వారంలో ఇంటర్నెట్‌లో ఒక విజ్ఞప్తి రాసింది. హింస జరిగిన చోట్లను పటం మీద గుర్తించే సాధనం ఎవరైనా తయారుచేయగలరా అన్నది దాని సారాంశం. కొద్ది రోజుల్లోనే జూలియానా రోటిచ్, డేవిడ్ కోబియా, ఎరిక్ హర్స్‌మన్ తదితరులు కలిసి "ఉషాహిది" అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. స్వాహిలీ భాషలో ఆ మాటకు సాక్ష్యం అని అర్థం. కళ్ళతో చూసినవాళ్ళు మామూలు ఫోను నుంచి ఎస్సెమ్మెస్ పంపితే చాలు, ఆ సమాచారం పటం మీద చుక్కగా కనిపిస్తుంది. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఓరీ ఒకోలో ప్రోగ్రామర్ కాదు, లాయర్. సమస్య ఏమిటో స్పష్టంగా చెప్పగలగడం కూడా సాంకేతిక రంగంలో నాయకత్వమే. బి.ఎ., బి.కాం. చదివే మన చెల్లెళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రెండోది, వాళ్ళు ఆ సాఫ్ట్‌వేర్‌ను తాళం వేసి దాచుకోలేదు. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకునే విధంగా, అంటే ఓపెన్ సోర్స్‌గా ఉంచారు. అందువల్లనే 2010 జనవరిలో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు శిథిలాల కింద ఉన్నవాళ్ళ సమాచారం సేకరించడానికి అదే పనికొచ్చింది. ఒక పేద దేశంలో పుట్టిన సాధనం మరో పేద దేశానికి ఉపయోగపడింది.

జూలియానా రోటిచ్ ఉషాహిదికి నాయకత్వం వహించింది. ఆమె, ఆమె మిత్రులు 2013లో "బ్రిక్" అనే ఇంటర్నెట్ పరికరం కోసం ప్రజల నుంచి చిన్న చిన్న మొత్తాలు సేకరించారు. కరెంటు పోయినా గంటల తరబడి బ్యాటరీతో పనిచేయడం దాని ప్రత్యేకత. ఐరోపాలోనో అమెరికాలోనో కూర్చున్న ఇంజనీరుకు కరెంటు కోత సంగతి అంతగా తోచకపోవచ్చు. పరీక్షల ముందు రాత్రి లైట్లు ఆరిపోతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు తోస్తుంది. మన కష్టం మనకు తెలియడం కూడా ఒక పెట్టుబడే.

3. నేర్చుకున్నది పంచితే? - నైరోబీలో ఒక హాస్టల్

మన పత్రిక పాఠకులు ముఖ్యంగా తెలుసుకోవలసిన సంస్థ పేరు అకిరాచిక్స్. 2010లో నైరోబీలో జూడిత్ ఒవిగార్, ఆంజెలా ఒడూర్ లుంగాటి, లిండా కమావు తదితర యువతులు దీన్ని ప్రారంభించారు. వాళ్ళంతా కంప్యూటర్ రంగంలో పనిచేస్తున్నవాళ్ళు. సాంకేతిక సమావేశాలకు వెళ్తే గదిలో ఆడపిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే కనిపించేవారు. మరి మిగతావాళ్ళు ఎందుకు రావడం లేదు? తెలివి లేక కాదు, దారి చెప్పేవాళ్ళు లేక.

అందుకని వాళ్ళు పేద కుటుంబాల యువతులను ఎంపిక చేసి, ఏడాది పాటు ఫీజు లేకుండా ప్రోగ్రామింగ్, డిజైన్, వ్యాపార నిర్వహణ నేర్పడం మొదలుపెట్టారు. అనుభవంలో ఒక విషయం తెలిసింది. పాఠం ఒక్కటే ఉచితమైతే సరిపోదు. తిండి, గది, ప్రయాణపు ఖర్చు లేకపోతే పేదింటి పిల్ల మధ్యలోనే మానేస్తుంది. అందుకే తరువాతి కాలంలో "కోడ్‌హైవ్" పేరుతో వసతి, భోజనంతో కూడిన శిక్షణగా దాన్ని మార్చారు. అంటే నైరోబీ యువతులు తమ అనుభవంతో చివరికి చేరింది హాస్టల్ అనే ఆలోచనకే! మనం రోజూ ఉంటున్న ఈ నాలుగు గోడల విలువ ఏమిటో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇంకో విశేషం ఉంది. అకిరాచిక్స్ స్థాపకుల్లో ఒకరైన ఆంజెలా ఒడూర్ లుంగాటి ఉషాహిదిలో ఉద్యోగిగా చేరి, 2019లో ఆ సంస్థకే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అయింది. ముందు తరం మహిళలు నిలబెట్టిన సంస్థను తర్వాతి తరం మహిళ అందుకుంది. ఒకరు పైకెళ్ళి నిచ్చెన లాగేసుకుంటే ఇది జరిగేది కాదు. 1848లో పూణేలో బాలికల పాఠశాల ప్రారంభించిన సావిత్రీబాయి ఫూలే కూడా తాను ముందు నేర్చుకుని తరువాత నేర్పిన మనిషే. దేశం వేరు, కాలం వేరు, పద్ధతి ఒక్కటే.

4. వ్యాపారం మన పేరున ఉంటే? - నైజీరియా

నైజీరియాకు చెందిన ఫుంకే ఒపెకె ఎలక్ట్రికల్ ఇంజనీరు. స్వదేశంలో డిగ్రీ చేసి, అమెరికాలో పై చదువు చదివి, అక్కడి టెలికాం రంగంలో చాలా ఏళ్ళు పనిచేసింది. 2005 ప్రాంతంలో తిరిగి వచ్చేసరికి తన దేశంలో ఇంటర్నెట్ నత్తనడక నడుస్తోంది, ధర మాత్రం ఆకాశంలో ఉంది. విదేశాలతో కలిపే సముద్రగర్భ కేబుల్ సామర్థ్యం ప్రభుత్వ టెలికాం సంస్థ గుత్తాధిపత్యంలో ఉండటం అందుకు ఒక ప్రధాన కారణం.

ఆమె 2008లో మెయిన్‌వన్ అనే కంపెనీ పెట్టింది. పోర్చుగల్ నుంచి ఘనా మీదుగా నైజీరియాలోని లాగోస్ వరకు సుమారు 7,000 కిలోమీటర్ల కేబుల్‌ను సముద్రం అడుగున వేయించింది. ఖర్చు సుమారు 24 కోట్ల డాలర్లు. ఆఫ్రికా పెట్టుబడిదారులు, నైజీరియా బ్యాంకులు, ఆఫ్రికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు డబ్బు సమకూర్చారు. 2010లో కేబుల్ పనిచేయడం మొదలుపెట్టింది. 2021 డిసెంబరులో ఈక్వినిక్స్ అనే అమెరికా కంపెనీ 32 కోట్ల డాలర్లకు మెయిన్‌వన్‌ను కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2022లో అది పూర్తయింది.

బంగ్లాదేశ్ ఫోను లేడీకీ, ఫుంకే ఒపెకెకూ ఉన్న తేడా తెలివితేటల్లో లేదు. ఒకరికి ఫోను మాత్రమే అందింది. ఇంకొకరికి ఇంజనీరింగ్ చదువు, ఏళ్ళ అనుభవం, బ్యాంకులతో మాట్లాడే ధైర్యం అందాయి. అందుకే "మీరూ ఆమెలా కావచ్చు" అని ఊరికే ఉపన్యాసం చెబితే సరిపోదు. ఆమెకు అందినవి మన పిల్లలకు ఎలా అందుతాయన్నదే అసలు ప్రశ్న.

5. తలుపు మూసేస్తే? - కామెరూన్, అఫ్ఘనిస్తాన్

ఎంత చదివినా, ఎంత కష్టపడినా, ప్రభుత్వాలు తలుపు మూస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి.

కామెరూన్‌కు చెందిన రెబెకా ఎనోన్‌చోంగ్ 1999లో యాప్స్‌టెక్ అనే సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీ స్థాపించింది. తరువాత తన దేశంలోని యువ సాంకేతికుల కోసం యాక్టివ్‌స్పేసెస్ అనే కేంద్రం ఏర్పాటులో పాలుపంచుకుంది. కామెరూన్‌లో ఇంగ్లీషు మాట్లాడే ప్రాంతాల్లో ఆందోళనలు జరిగినప్పుడు 2017 జనవరి నుంచి ఏప్రిల్ వరకు 93 రోజులు అక్కడ ఇంటర్నెట్ నిలిపివేశారు. బుయెయా పట్టణంలో చిన్న కంపెనీలు పెట్టుకున్న యువత లాప్‌టాప్‌లు పట్టుకుని, ప్రాంతం సరిహద్దు దాటి బొనాకో అనే పల్లెలో అద్దె గదిలో చేరి పనిచేసుకున్నారు. రెబెకా ఇంటర్నెట్ పునరుద్ధరణ కోసం గట్టిగా ప్రచారం చేసింది. 2021 ఆగస్టులో, మరో వ్యవహారంలో, ఒక న్యాయాధికారిని అవమానించిందన్న ఆరోపణతో ఆమెను కొన్ని రోజులు నిర్బంధించి, తరువాత విడుదల చేశారు.

అఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్‌లో రోయా మహబూబ్ 2010లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి మహిళలకు ఉద్యోగాలు ఇచ్చింది. బయటికి పంపడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్లలకు ఇంటి నుంచే పనిచేసే వీలు కల్పించింది. 2013లో టైమ్ పత్రిక ప్రకటించిన వందమంది ప్రభావశీలుర జాబితాలో ఆమె పేరు ఉంది. ఆమె ప్రోత్సాహంతో ఏర్పడిన అఫ్ఘన్ బాలికల రోబోటిక్స్ జట్టుకు 2017లో అమెరికా వీసా రెండుసార్లు నిరాకరించారు. చివరికి అనుమతి దొరికి, వాషింగ్టన్‌లో జరిగిన పోటీలో పాల్గొని, ధైర్యసాహసాలకు గాను వెండి పతకం గెలుచుకున్నారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ అమ్మాయిలే పాత కారు విడిభాగాలతో చవకైన వెంటిలేటర్ తయారీకి పూనుకున్నారు. 2021 ఆగస్టులో తాలిబన్లు అధికారంలోకి వచ్చాక జట్టులో చాలామంది దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. బాలికల హైస్కూళ్ళు మూతపడ్డాయి. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు కూడా మూసేశారు.

చదువు అనేది ఒక హక్కు. దాన్ని కాపాడే చట్టం లేకపోతే ఎంతటి ప్రతిభ అయినా ఆ నేల మీద నిలవదు.

6. మన నేల మీద - జహీరాబాద్ ప్రాంతం

ఇదంతా దూరదేశాల కథ అనుకోనక్కరలేదు. అప్పటి మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. పొలం పనులు చేసుకునే ఆ తల్లులు, అక్కలు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చిరుధాన్యాల గురించీ విత్తనాల గురించీ తామే సినిమాలు తీశారు. వాళ్ళలో బడికి వెళ్ళని వాళ్ళు కూడా ఉన్నారు.

వాళ్ళకు మాచునూరులో రేడియో కేంద్రం 1990ల చివరికే సిద్ధమైంది. కానీ అప్పటికి ఇలాంటి సంఘాలకు ప్రసార అనుమతి లేదు. వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను సంఘాల సమావేశాల్లో వినిపించారు. 2006లో కేంద్ర ప్రభుత్వం విధానాన్ని మార్చింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపారు. దేశంలో గ్రామీణ దళిత మహిళలు నడిపిన తొలి కమ్యూనిటీ రేడియోగా అది పేరు పొందింది.

మన నాలుగు ప్రశ్నలు ఇక్కడ వేసి చూడండి. పరికరం వాళ్ళ సంఘానిది. విద్య వాళ్ళ చేతికి వచ్చింది. ఏం చెప్పాలో నిర్ణయించేది వాళ్ళే. ఒకరికి వచ్చింది ఇంకొకరికి నేర్పుకున్నారు. లాభం కోసం నడిచే వ్యాపారం కాదు కాబట్టి కోట్లు రాలేదు. కానీ వాళ్ళ గొంతు వాళ్ళ దగ్గరే ఉంది.

7. మనం చేయగలిగింది

మేము ఈ హాస్టల్ నుంచి బయటికి వెళ్ళినప్పుడు మాకు ఎదురైన పెద్ద ఇబ్బంది డబ్బు ఒక్కటే కాదు. ఏ ప్రవేశ పరీక్ష ఎప్పుడు, ఏ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అని ఇంట్లో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. అమ్మానాన్నలు ప్రాణమైనా ఇస్తారు గానీ ఈ సమాచారం ఎక్కడి నుంచి తెస్తారు? చదువుకున్న కుటుంబాల పిల్లలకు అన్నం తింటూ వినపడే మాటలు మనకు సీనియర్ల నోటనే వినపడాలి. అందుకే దారి చూపడం మనకు అలంకారం కాదు, అవసరం. ఈ దృష్టితో కొన్ని సూచనలు:

ఒకటి. హాస్టల్ వదిలి వెళ్ళే ప్రతి బ్యాచ్ ఒక నోటుపుస్తకం రాసిపెట్టాలి. పరీక్షల పేర్లు, నెలలు, ఫీజులు, కావలసిన కాగితాలు, తాము చదివిన పుస్తకాలు అందులో ఉండాలి. తర్వాతి బ్యాచ్ దాన్ని సరిదిద్దుతూ పోవాలి.

రెండు. కంప్యూటర్‌లో ఏదైనా నేర్చుకున్నవాళ్ళు ఇద్దరు జూనియర్లకు తప్పనిసరిగా నేర్పాలి. నేర్పేటప్పుడు కీబోర్డు జూనియర్ చేతిలో ఉండాలి. సీనియర్ పక్కన కూర్చోవాలి. చూస్తే రాదు, చేస్తే వస్తుంది.

మూడు. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు, ముఖ్యంగా అక్కలు, ఏడాదికి ఒక్క ఆదివారమైనా వచ్చి పిల్లలతో కూర్చోవాలి. ఉపన్యాసం అక్కర్లేదు. తమ పని ఏమిటో, జీతం ఎలా వస్తుందో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో చెబితే చాలు.

నాలుగు. స్వయం ఉపాధి కోసం అప్పు తీసుకునే ముందు ఫోను లేడీల అనుభవం గుర్తుచేసుకోవాలి. ఈ పరికరం రేపు చవకైపోతే నా దగ్గర ఏం మిగులుతుంది అని అడగాలి. మిగిలేది విద్య అయితే ధైర్యంగా ముందుకు వెళ్ళవచ్చు. అప్పు మాత్రమే అయితే ఆగి ఆలోచించాలి.

ఐదు. ఇంట్లో చెల్లెలి చదువు ఆపి పెళ్ళి చేద్దామన్న మాట వచ్చినప్పుడు, మొదట అడ్డుచెప్పవలసింది హాస్టల్లో చదువుకున్న అన్నలే. అక్కడ మనం మౌనంగా ఉంటే ఈ వ్యాసం చదివి ప్రయోజనం లేదు.

స్టడీ అవర్‌లో చర్చించడానికి ప్రశ్నలు

1. ఫోను లేడీల రాబడి తగ్గిపోకుండా ఉండాలంటే ఆ పథకంలో ఏ మార్పు చేసి ఉండవలసింది?

2. ఉషాహిది సాఫ్ట్‌వేర్‌ను డబ్బుకు అమ్మి ఉంటే హైతీ వరకు చేరేదా? మీ కారణాలు చెప్పండి.

3. అకిరాచిక్స్ తన శిక్షణకు వసతి, భోజనం ఎందుకు చేర్చవలసి వచ్చింది? మన హాస్టల్‌లో వసతి, భోజనం ఉన్నాయి. అక్కడ ఉండి ఇక్కడ లేనిది ఏమిటి?

4. మీ ఊళ్ళో ఒక సమస్య చెప్పండి. దాన్ని మామూలు ఫోనుతో తీర్చే ఉపాయం ఆలోచించండి. బాగున్నవాటిని గోడపత్రిక మీద రాయండి. వచ్చే వార్షికోత్సవానికి మేము వచ్చినప్పుడు చదువుతాం.